ముసురు రోజు పడవ దిగి కొల్లాపూర్ పోయి రావాలంటే

సోమశిల చుట్టుపక్కల, శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచే కృష్ణ బ్యాక్‌వాటర్‌లో పడవ మీదే వంట, పడవ మీదే పడక అన్నట్టు బతికేవాళ్లకు టౌన్ పని సరిగ్గా ముసురు పట్టిన రోజే పడుతుంది. బియ్యం అయిపోతాయి, లేదంటే పిల్లకు జ్వరం వస్తుంది. కొల్లాపూర్ పది కిలోమీటర్ల దాకా ఉంటుందేమో, బస్సో ఆటోనో ఎక్కితే అయిపోయే పని. తిప్పలంతా బస్సెక్కక ముందే ఉంది, పడవను ఎట్లా వదిలి పోతున్నామన్నదీ, సంచిలో ఏది పొడిగా మిగిలిందన్నదీ.

పొద్దున లేచి మబ్బు చూసే ముందు పైనుంచి వచ్చే నీళ్ల సంగతి కనుక్కోండి. ఇక్కడ చినుకు పడకపోయినా జూరాల గేట్లు లేపినా, సుంకేశుల నుంచి తుంగభద్ర నీళ్లు వదిలినా మన దగ్గర మట్టం పెరుగుతుంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. డ్యామ్ ఇంకా నిండలేదంటే నీళ్లు ఎక్కడానికి చోటుందన్న మాట. ఒడ్డు ఏటవాలు కాబట్టి ఒక్క అడుగు పెరిగినా నీళ్లు గట్టు మీదికి చాలా దూరం పాకుతాయి, పొద్దున మీరు పడవ కట్టిన మొద్దు సాయంత్రానికి కనిపించకపోవచ్చు. అందుకే నీటి అంచున ఉన్న రాయికి కాకుండా పైన గట్టి చెట్టు చూసి కట్టండి, తాడు పొడుగ్గా, వదులుగా ఉండాలి. చాలామంది బిగించి కట్టి ధైర్యంగా పోతారు. నీళ్లు ఎక్కేకొద్దీ ఆ తాడే పడవ ముక్కును కిందికి గుంజుతుంది, లోపలికి నీళ్లొస్తాయి. ముందొక తాడు, వెనకొక తాడు వేస్తే గాలికి అడ్డం తిరగకుండా ఉంటుంది. వరద ఆగి నీళ్లు దిగే రోజుల్లో లెక్క మారుతుంది, ఒడ్డుకు మరీ దగ్గరగా కడితే వచ్చేసరికి పడవ బురదలో కూర్చుంటుంది కాబట్టి కాస్త లోతులోనే లంగరు వేసి మనల్ని ఒడ్డున దింపమని పక్క పడవవాళ్లను అడగాలి. పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు, గట్టు మీదికి లాగి బోర్లించి రెండు రాళ్లు పెడితే చాలు.

టార్పాలిన్ మధ్యలో వెదురు కర్ర పెట్టి ఎత్తుగా నిలపండి, లేకపోతే వాన నీళ్లు గుంటలా నిలిచి బరువుకు చిరుగుతుంది. పొయ్యి, బియ్యం డబ్బా, పరుపు ఎత్తు మీద పెట్టండి. తెడ్లు మాత్రం పడవలో వదలకండి.

ఉరుము వినిపిస్తుంటే నీళ్ల మీద బయల్దేరనే వద్దు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి కదలండి, బస్సు పోతే ఇంకోటి వస్తుంది. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే పిడుగుల హెచ్చరిక వస్తుంది. గట్టెక్కాక కూడా ఒంటరి చెట్టు కిందికి పోకండి.

గొడుగు పడవలో దండగ, గాలికి మిమ్మల్నే లాగుతుంది. ఖాళీ యూరియా సంచి తీసుకుని అడుగున ఒక మూలను రెండో మూలలోకి తోసేయండి, కొప్పెర తయారు, నెత్తి నుంచి నడుము దాకా తడవదు, చేతులు రెండూ తెడ్డుకు ఖాళీగా ఉంటాయి. గట్టు మీద దులిపి మడిచి చంకలో పెట్టుకోవచ్చు. పొడి బట్టల జత ఒకటి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫోన్, డబ్బులు కూడా అందులోనే.

ఆధార్ విషయం ఆడవాళ్లకు ముఖ్యం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచితమే, కానీ కార్డు మీద తెలంగాణ అడ్రస్ ఉండాలి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదంటారు. అవతలి ఒడ్డు నుంచో కోస్తా నుంచో వచ్చి ఇక్కడ చేపలు పట్టుకునేవాళ్లు ఆంధ్ర అడ్రస్‌తో ఉంటే టికెట్ డబ్బులు చిల్లరగా పట్టుకోండి. చేపల గంప నీళ్లు కారకుండా థర్మోకోల్ పెట్టెలో పెట్టి వెనక సీటు దగ్గర ఉంచండి. వాసన మనకు అలవాటే, పక్కవాళ్లకు కాదు.

ఇక వేలిముద్ర. వలతాడు లాగి లాగి గీతలు అరిగిన వేళ్లు, పైగా పొద్దంతా తడిలో నాని ముడతలు పడ్డవి, రేషన్ షాపు మిషన్ ఎంత నొక్కినా గుర్తుపట్టదు. వరుసలో నిలబడ్డప్పుడే పొడి గుడ్డతో తుడిచి అరచేతులు రుద్దుకుంటూ ఉండండి, రెండు మూడు వేళ్లు మార్చి చూడండి, అయినా పడకపోతే కంటిపాపతోనో ఓటీపీతోనో చేయమని అడగండి. ఓటీపీ అంటే ఆధార్‌కు కలిపిన ఫోన్ చార్జింగ్‌తో మీ దగ్గరే ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి ఇస్తున్న సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు, నలుగురికి ఇరవై నాలుగు, దానికి రెండు ప్లాస్టిక్ సంచులు ఒకదాంట్లో ఒకటి వేసి మూతి మెలిపెట్టి కట్టించుకోండి.

తిరుగు ప్రయాణంలో ఆఖరి బస్సు కోసం చూడకండి, చీకటి పడకముందే ఒడ్డు చేరేలా దాని ముందుదే పట్టుకోండి. మధ్యాహ్నం ఒకసారి పక్క పడవకు ఫోన్ చేసి నీళ్లు ఎంత ఎక్కాయో అడగండి, కూరగాయలు కొనడం ఆగుతుంది గాని తాడు ఆగదు. ఒడ్డుకొచ్చాక సామాను ఎక్కించకముందే పడవలో నీళ్లు తోడేయండి, తర్వాత బియ్యం మూట మధ్యలో పెట్టి, మనిషి ఎక్కి కూర్చున్నాకే వెనక తాడు విప్పండి.