పొలుసులేచే పొడి చర్మాన్ని బాగుచేసుకోవడం ఎలా?

మోకాలి కింద గోటితో మెల్లగా ఒక గీత గీసి చూడండి. తెల్లటి చార పడి అలాగే నిలిచిందంటే మీ చర్మం పైపొర ఎండిపోయిందని లెక్క. అనంతపురం వైపు ఆషాఢం గాలి లేచినప్పుడు, కర్నూలు కడపల్లో సంక్రాంతి దాటినాక, చాలామంది కాళ్ళమీద ఈ చార కనబడుతుంది. దీనికి ఖరీదైన క్రీములు అక్కర్లేదు. పైపొరకు తనను తాను బాగుచేసుకునే శక్తి ఉంది. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో, దెబ్బతిన్న పైపొర 12 గంటల్లో సగం దాకా, 3 రోజుల్లో దాదాపు పూర్తిగా కోలుకుంటుంది. వయసు మీరేకొద్దీ ఇంకాస్త ఆలస్యమవుతుంది. రోజూ స్నానాల గదిలో దాన్ని మళ్ళీ చెడగొట్టకుండా ఉండటమే మన పని.

ముందు పొలుసుల సంగతి తెలుసుకోండి

పైపొర మందం మిల్లీమీటరులో 50వ వంతు కూడా ఉండదు (అరచేతులు, అరికాళ్ళలో మాత్రం చాలా మందం). అంత పలుచటి పొరలోనే చదునైన మృతకణాలు 15 నుంచి 20 వరసలు ఉంటాయి. వాటి మధ్య సందుల్లో సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు నిండి ఉంటాయి. లోపలి తడి బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా ఆపేది ముఖ్యంగా ఈ కొవ్వే. కణాల లోపల ఫిలాగ్రిన్ అనే ప్రొటీను విడిపోయి, నీటిని పట్టి ఉంచే పదార్థాలుగా మారుతుంది.

పొలుసులు చూసి చర్మం ఎక్కువగా రాలిపోతోంది అనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. పాత కణాలు ఒక్కొక్కటిగా, కంటికి కనబడకుండా రాలాలంటే వాటి మధ్య అతుకులను ఎంజైములు (చర్మంలో ఇలాంటి పనులు జరిపించే ప్రొటీన్లు) తెంచాలి. ఆ ఎంజైములకు తడి కావాలి. తడి లేకపోతే అతుకులు తెగవు, కణాలు గుంపుగా అంటుకునే ఉండి పొలుసుగా పైకి లేస్తాయి. అందుకే పీచుతో గట్టిగా రుద్దడం మందు కాదు. పొలుసుతో పాటు దాని కింద ఉన్న మంచి కణాలూ ఊడిపోతాయి.

స్నానం తీరు మార్చండి

ఎక్కువ మార్పు రావాల్సింది ఇక్కడే. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు. పొగలు కక్కే నీళ్ళు సందుల్లోని కొవ్వును కరిగించి తీసుకుపోతాయి. 5, 10 నిమిషాల్లో ముగించండి.

సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు, మట్టి అంటిన చోటికి సరిపోతుంది. చేతులు, కాళ్ళు, వీపు అంతా రోజూ నురగ పట్టించాల్సిన పని లేదు. చర్మం పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5 దగ్గర, కొంచెం ఆమ్లంగా ఉంటుంది. సెరమైడ్లు తయారుచేసే ఎంజైములు పనిచేసేది ఆ ఆమ్లంలోనే. మామూలు ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది. రుద్దిన ప్రతిసారీ కొన్ని గంటలపాటు ఆ తయారీ మందగిస్తుంది.

మన బోరు నీళ్ళు దీనికి ఇంకొకటి కలుపుతాయి. నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. బకెట్టు అంచుకు తెల్లగా పేరుకునే ఆ తెట్టే ఒంటిమీదా మిగులుతుంది. నురగ రాలేదని ఇంకా సబ్బు రుద్దితే తెట్టూ పెరుగుతుంది. తక్కువ సబ్బు వాడి, ఎక్కువ నీళ్ళతో కడుక్కోండి. వీలైతే చివరి రెండు మగ్గులు కుళాయి నీళ్ళో, వాన నీళ్ళో పోసుకోండి.

తడి ఆరకముందే పూయండి

టవలుతో రుద్దకుండా అద్దండి. ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే, 3 నిమిషాల లోపు, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ పలుచగా పూయండి. పూత తడిని పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు. పూర్తిగా ఆరినాక పూస్తే సగం లాభం పోయినట్టే.

నూనెల్లో కొబ్బరినూనె మంచిది. చెనక్కాయ (వేరుశనగ) నూనె ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చేయి దానిమీదికే పోతుంది. కానీ అందులో ఎక్కువగా ఉండే ఒలీక్ ఆమ్లం పైపొర కొవ్వు అమరికను చెదరగొడుతుంది. ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి, దురదపెట్టే జబ్బు) ఉన్న పసిపిల్లలకు అసలే వద్దు. పగిలిన చర్మం గుండా ఆహారపు ప్రొటీన్లు లోపలికి పోతే ఒళ్ళు వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. ఎగ్జిమా పిల్లలకు చెనక్కాయ నూనె కలిసిన క్రీములు పూయడానికీ, చెనక్కాయ అలర్జీకీ సంబంధం ఉందని 2003లో బ్రిటన్ పరిశోధకులు చూపారు. గరుకు సున్నిపిండితో నలుగు పెట్టడం కూడా ఆ పిల్లలకు మానేయండి.

అలాంటి బిడ్డ అరచేతులు ఒకసారి వెలుతురులో చూడండి. సన్నటి గీతలు మామూలు కన్నా లెక్కకు మించి ఉన్నాయంటే, ఫిలాగ్రిన్ జన్యువులో లోపం ఉండే అవకాశం ఉంది. ఎగ్జిమాకు ఆ లోపంతో ఉన్న ముడిని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకుల బృందం బయటపెట్టింది. అలాంటి పిల్లలకు పూత ఏడాది పొడుగునా కావాలి. తల్లి సరిగా చూసుకోలేదనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదు.

మడమలు

అరికాళ్ళలో నూనె గ్రంథులే ఉండవు, అందుకే ముందుగా పగిలేది మడమలే. రాత్రి 10 నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, యూరియా కలిసిన క్రీము పూసి, నూలు మేజోళ్ళు వేసుకుని పడుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు బ్లేడుతో చెక్కకూడదు. స్పర్శ తగ్గిన కాలికి తగిలిన గాయం తెలియదు.

బేల్దారి పని చేసేవాళ్ళు

తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది, చేతుల పైపొరను సబ్బుకన్నా వేగంగా తింటుంది. దాంట్లోని క్రోమియం వల్ల అలర్జీ కూడా వస్తుంది. గ్లౌజులు వేసుకోండి. లోపలికి సిమెంటు పోతే వెంటనే తీసి కడుక్కోండి, తడి గ్లౌజు అసలు లేనిదానికన్నా చెరుపు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

చర్మం చెమర్చి పసుపు పచ్చ పక్కులు కట్టినా, జ్వరం వచ్చినా, దురదకు రాత్రి నిద్ర పట్టకపోయినా ఆగకండి. గుండ్రంగా అంచు లేచి పెరిగేది తామర కావచ్చు, దానికి ఈ పూతలు చాలవు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నాలుగు రోజులు దురద తగ్గించి, తామరను లోలోపల పాకనిస్తుంది, పైపెచ్చు చర్మాన్ని పలుచన చేస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. వెళ్ళేటప్పుడు ఇంతవరకు పూసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్ళండి.