కన్ను మోసపోతే వేళ్లూ మోసపోతాయా?

చుట్టూ చిన్న వలయాలుంటే మధ్య బిళ్ల పెద్దగా, పెద్ద వలయాలుంటే అదే బిళ్ల చిన్నగా కనిపిస్తుంది. ఇది ఎబింగ్‌హౌస్ భ్రమ. దాన్ని తీయబోయే వేళ్లూ ఈ మోసంలో పడతాయో లేదో అమలాపురం, భీమవరం బడిపిల్లలు సైన్స్ ఫెయిర్‌కి చక్కగా తేల్చవచ్చు. చిక్కంతా కొలతలోనే.

గట్టి అట్టతో 28, 30, 32 మి.మీ. వ్యాసం బిళ్లలు చేయండి. ఒక్కోదానికి మూడు పొరలు ఫెవికాల్‌తో అంటించి, రాత్రంతా సన్నికల్లు కింద పెట్టండి. మన వైపు వానాకాలం చెమ్మకి అంచు లేచిందంటే వేళ్లు దానికోసం ఎక్కువ తెరుచుకుంటాయి.

ఒక ఎ4 కాగితం మీద 10 మి.మీ. వలయాలు పదకొండు, ఇంకోదాని మీద 54 మి.మీ. వలయాలు ఐదు గుండ్రంగా గీయండి. రెండింట్లోనూ 30 మి.మీ. బిళ్ల అంచుకీ వలయాలకీ మధ్య 6 మి.మీ. ఖాళీ ఉండాలి. ఖాళీ తేడాగా ఉంటే వేళ్లు వలయాల్ని అడ్డంకులుగా తీసుకుని తప్పుకోవచ్చు.

గోళ్ల మీద స్కెచ్ పెన్ చుక్కలు పెట్టి, బొటనవేలు, చూపుడువేలు కలిపి 30 సెం.మీ. దూరం నుంచి బిళ్లని తీయాలి. పైనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీయండి, పక్కన స్కేలు కనబడాలి. వేళ్లు అన్నిటికన్నా ఎక్కువ తెరుచుకునేది చేయి కదిలే సమయంలో దాదాపు మూడింట రెండొంతులు గడిచాక. కొలవాల్సింది అక్కడే. బిళ్లని తాకాక కొలిస్తే బిళ్ల సైజే వస్తుంది, చాలామంది చేసే తప్పు ఇదే. ఒక్కో బొమ్మకి పదిసార్లు చేయండి. కళ్లు మూసుకుని రెండు సెకన్లు ఆగి తీస్తే చేతి మీద భ్రమ ప్రభావం పెరుగుతుంది కాబట్టి మధ్యలో పద్ధతి మార్చకండి.

తర్వాత ముట్టుకోకుండా, బిళ్ల ఎంతుందో వేళ్లు తెరిచి చూపించాలి. అప్పుడూ ఒకసారికి ఒక్క కాగితమే, దాని మీది బిళ్లతో, ఎదురుగా ఉండాలి. 1995లో పరిశోధకుడు గుడేల్ బృందం చేయి అంతగా మోసపోదని చెప్పింది. కానీ అక్కడ కంటికి రెండు బొమ్మలూ పోల్చే పని, చేతికి ఒక్క బిళ్ల తీసే పని. పనులు సమానం చేస్తే చేతిలోనూ అంతే మోసం కనిపిస్తుందని 2000లో మరో పరిశోధకుడు ఫ్రాంట్స్ బృందం చూపింది.

వలయాలు లేకుండా 28, 32 బిళ్లలతో రెండు పనులూ మళ్లీ చేయండి. నిజంగా 1 మి.మీ. పెరిగితే వేళ్లు ఎంత అదనంగా తెరుచుకుంటాయో తెలుస్తుంది. భ్రమ తెచ్చిన తేడాని దాంతో భాగించాకే చేతినీ కంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.