చెరువు గట్టు మీద బావురుపిల్లి కనిపిస్తే ఏం చేయాలి

కాకినాడ పక్క కోరంగి మడ అడవుల దగ్గర నుంచి అటు కృష్ణమ్మ సముద్రంలో కలిసే నాగాయలంక వైపు దాకా చేపల చెరువులు, రొయ్యల చెరువులు చేసేవాళ్ల కోసం రాస్తున్నాను. రాత్రి కాపలాకి వెళ్లిన కుర్రాడు రొప్పుకుంటూ వచ్చి "చిరుత పిల్లండీ, మచ్చలున్నాయి" అన్నాడంటే, దగ్గర్లో మడ అడవో ఉప్పుటేరో జమ్ముగడ్డి గుబురో ఉంటే, అది చాలావరకు బావురుపిల్లే, అంటే నీటి ఒడ్డున చేపలు పట్టి తినే అడవిపిల్లే అయ్యుంటుంది. జనానికి టెన్షన్ ఊరికే రాదు లెండి, 2024లో రాజమండ్రి దివాన్‌చెరువు, కడియం నర్సరీల వైపు నిజంగానే చిరుత తిరిగింది. కానీ బావురుపిల్లి విషయంలో చిరుత అన్న ఒక్క మాటతో ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని గట్టు మీదికి రావడమే అసలు ప్రమాదం. అందుకే వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టకముందే అదేంటో తేల్చుకోండి.

ముందు తోక చూడండి. బావురుపిల్లి తోక పొట్టిగా, లావుగా ఉంటుంది, ఒళ్లు పొడవులో మూడో వంతు ఉంటుందేమో అంతే. చిరుతకి తోక చాలా పొడుగు. బావురుపిల్లి ఒళ్లు బూడిద రంగులో కాస్త పచ్చదనం కలిసినట్టు ఉంటుంది, దాని మీద నల్ల చుక్కలు మెడ నుంచి వెనక్కి వరసల్లో సాగుతాయి, చిరుతకున్నట్టు గుండ్రటి పువ్వుల్లాంటి మచ్చలు ఉండవు. నుదుటి మీద నుంచి మెడ దాకా నల్లటి గీతలుంటాయి. చెవులు చిన్నవి, గుండ్రనివి, వెనక వైపు నల్లగా ఉండి మధ్యలో తెల్ల మచ్చ కనిపిస్తుంది. కాళ్లు పొట్టి, ఒళ్లు మాత్రం దిట్టంగా ఉంటుంది, ఇంటి పిల్లికి రెండింతలు, పెద్ద మగది పది కిలోలు దాటేస్తుంది. ఇంకోటి, ఆ సైజు చిరుత పిల్ల తల్లిని వదిలి ఒంటరిగా గట్ల మీద తిరగదు. చుక్కల్లేకుండా పొడుగు కాళ్లతో గోధుమ రంగులో ఉంటే అది జంగుపిల్లి. పొడుగు తోకకి నలుపు తెలుపు పట్టీలుంటే పునుగు పిల్లి.

చీకట్లో జంతువు సరిగ్గా కనిపించకపోతే తెల్లారాక బురద చూడండి, నిజం చెప్పాలంటే అదే నమ్మకమైన పద్ధతి. పిల్లి జాతి అడుగులో నాలుగు వేళ్లు పడతాయి. ఐదు వేళ్లు పడ్డాయంటే నీటికుక్కో ముంగిసో వచ్చినట్టు. మామూలుగా పిల్లి అడుగులో గోళ్లు కనపడవంటారు, బావురుపిల్లికి మాత్రం గోళ్లు పూర్తిగా లోపలికి పోవు, మెత్తటి బురదలో వాటి మొనలు పడొచ్చు, అందుకని గోళ్లు చూసి కుక్క అని కొట్టిపారేయకండి. వెనక మెత్త చూడండి, పిల్లిదైతే దాని కింది అంచు మూడు వంపులుగా ఉంటుంది. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీయండి, సైజు తెలుస్తుంది. పెంటలో చేప పొలుసులు, పీత పెంకులతో పాటు ఎలుక వెంట్రుకలు కూడా ఉంటే బావురుపిల్లి మీద అనుమానం పెంచుకోవచ్చు. చేత్తో ముట్టుకోకండి, పుల్లతో కదిపి చూస్తే చాలు.

ఇదెందుకు చెప్తున్నానంటే, చెరువులో నష్టం వచ్చిన ప్రతిసారీ నింద పిల్లి మీదే పడుతుంది. ఇది ఒంటరిగా వేటాడే జంతువు. నీటి అంచున కదలకుండా కూర్చుంటుంది, ఒక్కోసారి పంజాతో నీటి పైభాగాన్ని మెల్లగా తడుతుంది, చేప దగ్గరికి రాగానే తలో పంజానో ముంచి లాగేస్తుంది, అవసరమైతే దూకి ఈదుతుంది కూడా. వేళ్ల మధ్య కొద్దిగా పొర ఉంటుంది, పై బొచ్చు కింద ఇంకో ఒత్తైన బొచ్చు ఉండటం వల్ల చర్మం దాకా నీళ్లు దిగవు. ఎంత చేసినా ఒక రాత్రికి ఒక పిల్లి తినేది ఎంత? గుంపుగా వచ్చే నీటికుక్కలు, పగలంతా వాలే నీటికాకులు తీసుకెళ్లేదాంతో పోలిస్తే అది లెక్కలోకి రాదని నా అభిప్రాయం. పైగా గట్లకి బొరియలు పెట్టే ఎలుకల్ని ఇది తింటుంది. ఆ లెక్క ఎవరూ వేయరు.

నష్టం నిజంగానే ఉంటే, పిల్ల చేపలున్న చిన్న చెరువుకి మాత్రం చుట్టూ గట్టి వల కంచె కట్టుకోండి. రొయ్యల చెరువుకి పీతలు రాకుండా వేసే పొట్టి కంచె దీన్ని ఆపదు, మోకాలి ఎత్తు కూడా లేనిదాన్ని అది ఒక్క దూకులో దాటేస్తుంది. గట్టు పక్కనే దట్టంగా పెరిగిన జమ్ము ఉంటే అది దాక్కునే చోటు అదే, నీటి అంచు నుంచి కొన్ని గజాల మేర కోసేస్తే అక్కడ కూర్చోవడానికి జంకుతుంది, మొత్తం తగలబెట్టాల్సిన పని లేదు. కోళ్లుంటే రాత్రి గూడు తలుపు వేసి, ఇనుప జాలీ బిగించండి. చచ్చిన చేపల్ని గట్టు మీద పోసి వదిలేయకండి, అది పిలిచి పెట్టినట్టే.

ఉచ్చు, విషం, కరెంటు తీగ జోలికి వెళ్లకండి. కరెంటు తీగకి పిల్లి కంటే ముందు మన కాపలా మనిషే బలయ్యే అవకాశం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో బావురుపిల్లి ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ప్రపంచం మొత్తం మీద అంతరించే ముప్పున్న జాబితాలో ఉన్న జంతువు ఇది, మడ అడవులూ చిత్తడి నేలలూ తగ్గేకొద్దీ మన చెరువుల వైపే వస్తుంది, ఇంకెక్కడికి పోతుంది.

ఇక పిల్లల సంగతి. జమ్ము కోసేటప్పుడు రెండు మూడు కూనలు దొరకడం మామూలే, అక్కడే అందరూ చేసే తప్పు జరుగుతుంది. పాపం తల్లి లేదని ఇంటికి తెచ్చి, ఆవు పాలు పట్టించి, ఫొటోలు దిగి, మర్నాడు అటవీ శాఖకి అప్పగిస్తారు. తల్లి ఎక్కడికీ పోలేదు, మీ అలికిడికి పక్కకి తప్పుకుంది అంతే. కూనల్ని ఉన్నచోటే వదిలి, ఆ పక్క కోత ఆపేసి, కుక్కల్ని కట్టేసి వచ్చేయండి. చీకటి పడ్డాక తల్లి వచ్చి ఒక్కో కూననీ నోట కరుచుకుని వేరే చోటికి మారుస్తుంది. మహారాష్ట్రలో జున్నర్ చెరకు తోటల్లో చిరుత పిల్లల్ని కూడా ఇలాగే దొరికిన చోటే పెట్టి తల్లికి కలుపుతున్నారు. రాత్రంతా చూసినా తల్లి రాకపోతే అప్పుడు అటవీ శాఖ వాళ్లని పిలవండి, పాలు మాత్రం పట్టకండి.

వలలో చిక్కుకున్న పెద్ద పిల్లి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లకండి, కరిస్తే ఎముక దాకా దిగుతుంది. దూరం నుంచి వెదురు బొంగుతో గోనె సంచి తల మీద కప్పితే చీకటికి కొంచెం నిమ్మళిస్తుంది. జనాన్ని వెనక్కి పంపి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు ఇవాళే ఫోన్లో వేసి పెట్టుకోండి, రేంజ్ ఆఫీసర్‌ది కూడా, అర్ధరాత్రి వెతుక్కునేలా ఉండకూడదు. రోడ్డు మీద బండి కింద పడి చచ్చిపోయినా ఫొటో తీసి, దగ్గర్లో కిలోమీటరు రాయి మీదున్న అంకె రాసుకుని వాళ్లకే పంపండి. ఏ మలుపులో ఎక్కువ చస్తున్నాయో తేలితే అక్కడ స్పీడ్ బ్రేకర్ అడగడానికి అదే కాగితం ఆధారం.