ఎలుకలలో కొకైన్ అన్వేషణ పరీక్షకు ముందు జాగ్రత్తలు

మీట నొక్కితే కొకైన్ అందుతుందని ఎలుకలు నేర్చుకునే శిక్షణ దశలో, మందు వెళ్లే మెడ సిరలోని క్యాథెటర్ (సన్నని గొట్టం) మూసుకుపోలేదని ప్రతి ఎలుకలోనూ నిర్ధారించుకోండి. మూసుకుపోతే కొకైన్ అందక మీట నొక్కడం క్రమంగా తగ్గుతుంది, ఆ తగ్గుదలను కోరిక చల్లారడంగా పొరబడితే నెలల శ్రమతో పాటు ఆ మూగజీవులు పడిన బాధ కూడా వృథా అవుతుంది.

మందు ఇవ్వని రెండో మీట నొక్కుళ్లను కూడా నమోదు చేయండి. అవీ పెరిగితే మీరు చూస్తున్నది కోరిక కాక, కేవలం పెరిగిన చలనం కావచ్చు.

కొకైన్ ఆపాక పరీక్ష వరకు గడిచే రోజుల సంఖ్య అన్ని ఎలుకలకూ ఒకటే ఉండాలి. కొకైన్ ఆపాక మందుతో ముడిపడిన సూచనలకు (వెలుగు, శబ్దం వంటివి) స్పందించే అన్వేషణ, అంటే మందు కోసం మీట నొక్కడం, వెంటనే తగ్గకపోగా కొన్ని వారాలపాటు పెరుగుతుందని 2001లో పరిశోధకుడు గ్రిమ్ బృందం చూపింది. చాలామంది మరిచేది ఇదే.

పరీక్ష రోజున కొత్తవారిని ఎలుకలను పట్టుకోనివ్వకండి. ఒత్తిడి కూడా అన్వేషణను తిరిగి రేపగలదు.