జలుబు చేసి తిండి మానేసిన పిల్లి మళ్లీ ఎలా తిన్నదంటే (నా అనుభవం)

మా బుజ్జి వానల్లో మురుగుకాలువ పక్కన దొరికింది. కళ్లనిండా పుసి, చీమిడితో మూసుకుపోయిన ముక్కు, ఒళ్లు కాలిపోతోంది. డాక్టర్ గారు క్యాట్ ఫ్లూ అన్నారు. యాంటీబయాటిక్, చర్మం కింద సెలైన్ ఇచ్చాక జ్వరం తగ్గింది కానీ మర్నాటికి కూడా ఏమీ ముట్టలేదు.

పెరుగన్నం, ఖరీదైన డబ్బా ఫుడ్, సిరంజితో బలవంతం, ఏదీ పనిచేయలేదు.

పిల్లి వాసన చూసి తింటుంది, ముక్కు మూసుకుపోతే ఆకలేసినా తినదని డాక్టర్ గారు చెప్పాక దారి దొరికింది. బాత్‌రూమ్ తలుపు మూసి, బకెట్‌లో వేడినీళ్లు దూరంగా పెట్టి, బుజ్జిని ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు ఆవిరిలో కూర్చున్నాను. నీళ్లలో కర్పూరం, యూకలిప్టస్ నూనె వేయకండి, పిల్లులకు విషం. తర్వాత సెలైన్‌లో తడిపిన దూదితో ముక్కు మెల్లగా తుడిచాను. వెంటనే, ముక్కు మళ్లీ మూసుకోకముందే, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను మెత్తగా చేసి గోరువెచ్చగా వేలితో మూతి దగ్గర పెట్టాను. రెండుసార్లు మొహం తిప్పుకుంది. మూడోసారి నాకింది. నాకు ఏడుపొచ్చేసింది.

అలా రోజుకు నాలుగుసార్లు, ఐదు రోజులు చేశాను. ఆరో రోజు గిన్నె దగ్గరికి తనే వచ్చింది.

మందులు లేకుండా ఇదొక్కటే సరిపోయేదని చెప్పలేను. నాలుక మీద పుండ్లుంటే నొప్పికి మందు కావాలి, అదీ డాక్టర్ రాసిందే. పారాసిటమాల్ మాత్రం అస్సలు వేయకండి, ప్రాణం పోతుంది. రెండు రోజులు తినకపోతే లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది, కాబట్టి ఆవిరి పడుతూ ఎదురుచూడకుండా ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి.