మొదటిసారి ఎక్కిన ప్రోగ్రాం రెండోసారి ఎక్కట్లేదా? మొబైల్ స్టార్టర్ బోర్డులో ఫ్లాష్ సమస్యలు - పరిష్కారాలు

ఇదంతా బోరు మోటర్లను ఫోన్‌తో నడిపే మొబైల్ స్టార్టర్ బోర్డుల గురించి, అందులోనూ 48 కాళ్ల ఎస్టీఎం32ఎఫ్103 చిప్పు ఉన్నవాటి గురించి. చిప్పులోని ఫ్లాష్ మెమరీలోకి ప్రోగ్రాం ఎక్కించే ఎస్టీ-లింక్ డాంగిల్, దాంతో వాడే క్యూబ్‌ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్ వాడటం వచ్చనుకునే రాస్తున్నా.

ముందు ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో కరెంటు దించుకునే బోర్డుల్లో గ్రౌండ్ తీగలోనే లైను కరెంటు ఉంటుంది. ఫేజులన్నీ పీకేసి, డాంగిల్ ఇచ్చే 3.3 వోల్టులతోనే పని చేయండి. సిమ్ వేసే జీఎస్ఎమ్ మాడ్యూల్‌ను మాత్రం దాంతో నడపొద్దు. అది ఒక్కోసారి 2 ఆంపియర్ల దాకా లాగుతుంది.

కొత్త బోర్డు, మొదటిసారే "టార్గెట్ దొరకలేదు" అంటోంది

మీటర్ తీయండి. డ్రైవర్ మళ్లీ వేస్తారు, కేబుల్ మారుస్తారు, పక్క షాపు నుంచి ల్యాప్‌టాప్ తెస్తారు, మీటర్ మాత్రం పెట్టరు. కనెక్టర్ దగ్గర కాదు, చిప్పు కాళ్ల మీదే చూడాలి: 23-24, 35-36, 47-48, వాటితోపాటు 8-9. నాలుగు జతల్లోనూ 3.3 రావాలి. 9వ కాలు అనలాగ్ సప్లై. దానికి ముందున్న ఫెరైట్ బీడ్ (నాయిస్ ఆపే చిన్న భాగం) తెగితే మిగతా మూడు జతలు బాగానే చూపిస్తాయి, చిప్పు మాత్రం రీసెట్‌లోంచి బయటికి రాదు.

తర్వాత 34 (డేటా), 37 (క్లాక్) కాళ్ల దాకా కంటిన్యుటీ చూడండి. చవక డాంగిళ్లలో పిన్నుల వరుస ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, పాతదాని లెక్కతో కొత్తదానికి తీగలు పెట్టొద్దు. తీగ జానెడు దాటితే స్పీడు 4000 నుంచి 480 కిలోహెర్ట్జ్‌కు దించండి.

నిన్న ఎక్కింది, ఇవాళ చిప్పే కనబడట్లేదు

చిప్పు కాలిపోయిందని పీకి పారేసేది ఎక్కువగా ఇక్కడే. బోర్డు మంచిగా నడుస్తుంటుంది, ఎల్ఈడీ మిణుకుతుంటుంది, డాంగిల్‌కు మాత్రం జవాబుండదు. అలా నడుస్తోందంటే చిప్పు బతికే ఉంది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుంది, అంతే.

గడియ పెట్టేది మీరు ఎక్కించిన ప్రోగ్రామే. కోడ్ పుట్టించే సాఫ్ట్‌వేర్ క్యూబ్‌ఎంఎక్స్‌లో కొత్త ప్రాజెక్టు తెరిస్తే ఈ ఎఫ్1 చిప్పులకు డీబగ్ "నో డీబగ్" అనే ఉంటుంది. దాన్ని మార్చకుండా కోడ్ పుట్టిస్తే, మొదలవగానే డాంగిల్ చిప్పుతో మాట్లాడే రెండు దారుల్నీ, అంటే జేటాగ్‌నూ సీరియల్ వైర్‌నూ, మూసేసే ఒక లైను అందులో వచ్చి చేరుతుంది. ఖాళీ చిప్పులో ఆ లైను లేదు, అందుకే మొదటిసారి నల్లేరు మీద నడకలా ఎక్కుతుంది. ఆ తర్వాత కరెంటు ఇచ్చిన ప్రతిసారీ, మీరు కనెక్ట్ నొక్కేలోపే 34, 37 కాళ్లు మామూలు పిన్నులైపోతాయి.

తెరవాలంటే ఆ ప్రోగ్రాం నడవక ముందే పట్టుకోవాలి. క్యూబ్‌ప్రోగ్రామర్‌లో "కనెక్ట్ అండర్ రీసెట్" పెట్టి, డాంగిల్ రీసెట్ తీగను 7వ కాలికి కలపండి. చాలా చవక డాంగిళ్లలో రీసెట్ పిన్ను ఎస్టీఎం8 కోసం ఇచ్చింది, ఈ చిప్పుకు పనిచేయదు. అప్పుడు 7వ కాలిని చేత్తో గ్రౌండ్‌కు పట్టుకుని, కనెక్ట్ నొక్కిన క్షణంలో వదలాలి. ఇది నాలుగైదుసార్లు తప్పుతుంది.

అంత ఇకమతు ఎందుకనుకుంటే బూట్0 దారి ఉంది, ఖాయంగా పనిచేస్తుంది. అది చిప్పు ఏ మెమరీ నుంచి మొదలవాలో చెప్పే 44వ కాలు, సాధారణంగా 10కె రెసిస్టర్‌తో గ్రౌండ్‌కు కట్టి ఉంటుంది. కరెంటు తీసి, ఆ కాలికి 3.3 వోల్టులు తాకించి పట్టుకుని, మళ్లీ కరెంటు ఇవ్వండి. ఫ్లాష్‌లోని ప్రోగ్రాం అసలు మొదలవదు కాబట్టి చిప్పు మామూలుగా కనెక్ట్ అవుతుంది. మొత్తం చిప్పు ఎరేజ్ కొట్టి, బూట్0 వదిలేసి కరెంటు తీసి ఇవ్వండి. రెసిస్టర్ లేకుండా నేరుగా గ్రౌండ్‌కు అతికించి ఉంటే మాత్రం 3.3 తాకించొద్దు, షార్ట్ అవుతుంది. ముందు కాలు లేపాలి.

మళ్లీ పాత ఫైలే ఎక్కిస్తే మళ్లీ అదే కథ. కోడ్‌లో డీబగ్‌ను "సీరియల్ వైర్"గా మార్చి కొత్త ఫైలు తీయండి. జేటాగ్ వాడుకునే 38, 39, 40 కాళ్లు అప్పుడూ మీకు మిగులుతాయి, నష్టమేమీ లేదు.

లాక్ చేశాక వెరిఫై తప్పుతోంది

ఫ్లాష్ పాడవలేదు. లాక్ అంటే రీడ్ ప్రొటెక్షన్, అది ఉన్నాక ఫ్లాష్‌ను బయటి నుంచి చదవనివ్వదు, దాని పనే అది. వరుస తప్పింది మీరు: ఎరేజ్, ప్రోగ్రాం, వెరిఫై, అన్నీ అయ్యాకే లాక్. లాక్ తర్వాత రీసెట్ చాలదు, డాంగిల్ పీకి కరెంటు పూర్తిగా తీసి ఇవ్వాలి. అప్పటిదాకా బోర్డు కదలకపోతే పరేషాన్ కావొద్దు.

లాక్ తీయడమంటే ఫ్లాష్ మొత్తం తుడిచేయడమే. రైతు నమోదు చేసిన ఫోన్ నంబర్లు, డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం), ఓవర్‌లోడ్ ఆంపియర్లు ఫ్లాష్‌లోనే దాచే బోర్డైతే అవీ పోతాయి. డిస్‌ప్లే మీదో మెసేజ్‌తోనో ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

అరుదైనవి

ఐడీ కోడ్ (చిప్పు గుర్తింపు నంబరు) తేడా అని ఓపెన్‌ఓసీడీ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఆగిపోతే అది సాధారణంగా నకలు చిప్పు, కాన్ఫిగ్‌లో ఆ నంబరు మారిస్తే నడుస్తుంది. వేలు పెట్టలేనంత కాలుతుంటే చిప్పు నిజంగానే పోయింది. ఎఫ్0, ఎఫ్4 చిప్పుల్లో లెవెల్ 2 అని ఇంకో లాక్ కనబడుతుంది, ఎఫ్103లో అది లేదు. అది పెట్టాక డీబగ్ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది, బూట్0 కూడా కాపాడదు. చిప్పు పీకి కొత్తది వేయడమే.