పోరస్ సేనకు రంగులు వేద్దాం: పన్నెండు దళాల బల్లయుద్ధానికి తొలి సన్నాహం

చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేసి, వాటిని బల్లమీద బారులు తీర్చి, కొలబద్ద, పాచికల సాయంతో యుద్ధం ఆడే అభిరుచికి మూలాలు ఐరోపాలో రెండు శతాబ్దాల నాటివి. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి తన తండ్రి మొదలుపెట్టిన ఆటను సంస్కరించి 1824లో సైనికాధికారుల శిక్షణకు అనువుగా మలిచాడు. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకంతో బొమ్మ సైనికుల యుద్ధాన్ని ఇంట్లో ఆడుకునే వినోదంగా ప్రచారం చేశాడు. ఇప్పుడు ఈ అభిరుచికి పెద్ద కేంద్రం ఇంగ్లండులోని నాటింగ్‌హామ్. 1987లో ‘వార్‌హామర్ 40,000’ ఆటను తెచ్చిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ అక్కడిదే. అయితే కొత్తగా వచ్చేవారు అంత పెద్ద ఆటతో మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఉత్సాహంలో వందలాది బొమ్మలు కొనేసి, వాటిలో సగానికి కూడా రంగు వేయలేక అటకెక్కించేవాళ్ళు ఈ రంగంలో కోకొల్లలు.

అందుకు బదులుగా, ఫిల్ బార్కర్ ప్రధాన రచయితగా బ్రిటన్‌లోని వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ 1990లో వెలువరించిన ‘డి బెల్లిస్ యాంటిక్విటాటిస్’ నియమావళిని ఎంచుకోండి. ఆడేవాళ్ళు దాన్ని డీబీఏ అనే పిలుస్తారు. ఇందులో ఒక్కో పక్షానికి పన్నెండు దళాలే (ఒక్కో చిన్న పలకపై కలిపి అంటించిన కొద్ది బొమ్మల గుంపులు) ఉంటాయి, రెండడుగుల చదరపు పలక చాలు, ఆట సుమారు గంటలో తేలిపోతుంది. సుమారు 15 మి.మీ. ఎత్తుండే బొమ్మలతో అయితే ఒక సేన ముప్పై నలభై బొమ్మలతో పూర్తవుతుంది. ప్రాచీన, మధ్యయుగాల సేనల జాబితాలు నియమావళిలోనే ఉన్నాయి, వాటిలో ప్రాచీన భారత సేన కూడా ఉంది. ఉదాహరణకు క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండరును ఎదిరించిన పోరస్ సేననే, అంటే మనం పురుషోత్తముడని చదువుకున్న రాజు సేననే తీసుకుందాం. రథ గజ తురగ పదాతులు నాలుగూ ఒకే సేనలో ఉండటం వల్ల రంగులు వేసేవారికి విసుగు పుట్టదు. చదరంగం పుట్టిన దేశంవాళ్ళకు ఈ కూర్పు కొత్తగానూ అనిపించదు.

ముందు అట్టముక్కలతో ఆడండి

బొమ్మలు కొనకముందే అట్టను ముక్కలుగా కత్తిరించి, వాటిపై దళాల పేర్లు రాసి, ఒకటి రెండు ఆటలు ఆడి చూడండి. 15 మి.మీ. బొమ్మలకు ప్రతి దళం ముందువైపు వెడల్పు 40 మి.మీ. లోతు మాత్రం దళాన్ని బట్టి మారుతుంది: ఏనుగులకూ రథాలకూ 40 మి.మీ., అశ్వికులకు 30, కాల్బలానికి ఇంకా తక్కువ. ఇప్పటి మూడో కూర్పులో దూరాలన్నీ ఈ 40 మి.మీ. వెడల్పుతోనే కొలుస్తారు కాబట్టి ఆ పొడవున్న ఒక పుల్లను కత్తిరించి పెట్టుకుంటే కొలబద్ద పని కూడా తీరిపోతుంది.

ఆట నడిచే తీరు ఇది. మీ వంతు రాగానే ఒక పాచిక వేస్తారు, అందులో ఎంత పడితే ఆ వంతులో అన్ని ఆజ్ఞలు ఇవ్వవచ్చు. ఒక ఆజ్ఞతో ఒక దళాన్ని కదపవచ్చు, లేదా ఒకదానికొకటి ఆనుకుని వరుసలో ఉన్న దళాల సమూహాన్ని మొత్తంగా కదపవచ్చు. ఆట అసలు కిటుకు ఇక్కడే ఉంది. వరుస చెదరనంతసేపూ ఒక్క ఆజ్ఞతో సేన అంతా ముందుకు నడుస్తుంది. పోరు ముదిరి వరుస ముక్కలైన తర్వాత పాచికమీద ఒకటి పడిందంటే, ఎడమవైపు ఏనుగులను ఆదుకోవాలా, కుడివైపు అశ్వికులను వెనక్కి లాగాలా అని తేల్చుకోవలసి వస్తుంది.

కదలికల తర్వాత విలుకాండ్ర బాణాలు, ఆపైన ముఖాముఖి పోరు. పోరులో ఇద్దరూ చెరొక పాచిక వేసి, దానికి తమ దళం బలాంకాన్ని కలుపుతారు. ఈటెల దళానికి కాల్బలం ఎదురైతే బలాంకం 4. ఇరువైపులా ఈటెల దళాలే ఉండి, వేరే తోడ్పాట్లేమీ లేవనుకుందాం. మీకు 5, ఎదుటివారికి 2 పడితే మొత్తాలు 9, 6 అవుతాయి, ఓడిన దళం వెనక్కి తగ్గుతుంది. మీకు 6, వారికి 1 పడితే మొత్తాలు 10, 5. ఓడినవారి మొత్తం గెలిచినవారి మొత్తంలో సగానికి మించలేదు కాబట్టి ఆ దళం నాశనమై బల్లమీంచి తొలగిపోతుంది. నాలుగు దళాలు పోగొట్టుకుని, అప్పటికి ఎదుటివారికంటే ఎక్కువ నష్టపోయి ఉన్న పక్షం ఓడినట్టు. తక్కిన సూక్ష్మాలు నియమావళి చదువుతూ ఆడుతుంటే వాటంతటవే పట్టుబడతాయి.

బొమ్మలు, ముందస్తు పని

ఈ బొమ్మలు ఎక్కువగా లోహంతో పోసినవి, బ్రిటన్‌నుంచి తెప్పించుకోవాలి. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిస్తే బొమ్మల ధరను మించిపోవచ్చు కాబట్టి నలుగురు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం మేలు. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు ఈ బాధ లేదు. 3డి ప్రింటింగు చేసిపెట్టేవారు దగ్గరలో ఉంటే, కొనుక్కున్న బొమ్మ డిజైను ఫైలు ఇచ్చి రెజిన్‌లో, అంటే ద్రవంగా ఉండి కాంతికి గట్టిపడే ప్లాస్టిక్‌లో, అచ్చు వేయించుకోవచ్చు. సరిగా గట్టిపడని రెజిన్ చర్మానికి హాని చేస్తుంది కాబట్టి జిగటగా తగిలిన బొమ్మను చేతొడుగులు లేకుండా ముట్టకండి. రెజిన్‌ను తడిపి మాత్రమే అరగదీయండి. పాత లోహపు బొమ్మలలో సీసం ఉండవచ్చు. అందువల్ల పని అయ్యాక చేతులు కడుక్కోవడమూ, కుంచె మొనను నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు మానుకోవడమూ తప్పనిసరి.

అచ్చులో రెండు సగాలూ కలిసినచోట బొమ్మ పొడవునా సన్నని గీత మిగులుతుంది. దాన్ని చాకు వెనుక అంచుతో మెల్లగా గీకేయాలి. తర్వాత గిన్నెలు తోమే సబ్బునీటితో కడిగి ఆరబెట్టండి, అచ్చునూనె మిగిలిపోతే రంగు పట్టదు. లోహానికీ రెజిన్‌కూ సూపర్‌గ్లూ వాడాలి. ఆరిన బొమ్మలను ఐస్‌క్రీం పుల్లమీద నాలుగైదు చొప్పున అంటిస్తే బొమ్మను చేత్తో తాకకుండానే రంగు వేయవచ్చు.

రంగు నిలవాలంటే కింద ప్రైమర్ పూత ఉండాలి. స్ప్రే డబ్బాతో అయితే 20 నుంచి 30 సెం.మీ. దూరంనుంచి, ఆపి ఆపి, పలచగా కొట్టాలి. మన వాతావరణంలో చిక్కు వచ్చేది ఇక్కడే. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో వానాకాలపు తేమకు పూత మసకబారుతుంది. మే నెల మధ్యాహ్నం మేడమీద కొడితే తుంపర బొమ్మను చేరేలోపే ఆరిపోయి ఇసుకకాగితంలా గరుకు తేలుతుంది. పొడిగా ఉన్న ఉదయం పూట చూసుకుని కొట్టండి, లేదంటే కుంచెతో పూసే ప్రైమర్ తెచ్చుకుని ఆ గొడవే వదిలించుకోండి. నూలుబట్టల సేనకు బూడిదరంగు ప్రైమర్ అన్నివిధాలా అనుకూలం.

రంగులు

ఆటలో ఈ బొమ్మలను రెండు మూడు అడుగుల దూరంనుంచి చూస్తాం. అంత దూరంలో కనుపాపలు కనబడవు, నలభై మంది కలిసి ఒక సేనగా కనబడుతున్నారా లేదా అన్నదే కనబడుతుంది. కాబట్టి ఒక్కో బొమ్మను ముగించి మరొకటి తీయడం కాకుండా, ఒక రంగు తీసుకుంటే విలుకాండ్రందరికీ ఆ రంగు పూర్తిచేసి తర్వాతి రంగుకు వెళ్ళండి. వెలుగునీడల తేడాను నిజంలో ఉండేదానికంటే కాస్త ఎక్కువ చేసి చూపండి.

నీటిలో కలిసే అక్రిలిక్ రంగులు వాడండి. సీసాలోంచి తీసిన రంగును నేరుగా పూయకుండా పాల పలచనకు తెచ్చి, ఒక మందపు పూతకు బదులు రెండు పలచటి పూతలు వేయాలి. వేసవిలో ఫ్యాను కింద ఈ రంగు నిమిషాల్లో పలకమీదే ఎండిపోతుంది. మూతడబ్బాలో తడి స్పాంజి పరచి, దానిపై బేకింగుకు వాడే బటర్ పేపరు వేసి, రంగును ఆ కాగితంమీద కలుపుకుంటే గంటల తరబడి తడిగా నిలుస్తుంది. కుంచె విషయంలో కొత్తవాళ్ళు అతిసన్నవాటిని కొంటారు, కానీ వాటి మొనమీద రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. మొన చక్కగా కుదిరే 1వ నంబరు కుంచె ఒకటి చాలు. రంగు కుంచె వెంట్రుకల మొదట్లో ఉన్న లోహపు పట్టీదాకా ఎక్కకూడదు.

పోరస్ సైనికులు ఎలా ఉండేవారు? అలెగ్జాండరు నౌకాధిపతి నియార్కస్ చూసి రాసినదాన్ని ఆధారం చేసుకుని, క్రీ.శ. రెండో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు అరియన్ చాలా వివరాలు ఇచ్చాడు. పిక్కల సగందాకా వచ్చే నూలుబట్ట, భుజాలమీంచి తలకు చుట్టిన మరో వస్త్రం, తెల్లతోలు చెప్పులు, మనిషంత ఎత్తు విల్లు, నేలకానించి ఎడమకాలితో అదిమిపట్టి బాణం వదలడం, పచ్చి ఎద్దుతోలు డాలు, వెడల్పాటి కత్తి. గడ్డాలకు తెలుపు, ముదురు నీలం, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ రంగులు కూడా వేసుకునేవారట. తెల్లబట్టల వరుసలో అక్కడక్కడా ఒక ఆకుపచ్చ గడ్డం కనబడితే చూసినవాళ్ళు తప్పక అడుగుతారు, అందుకని దళానికి ఒకటి చొప్పున వేయమని నా సలహా.

తెలుపు అన్నిటికంటే కష్టమైన రంగు. నేరుగా తెలుపు పూస్తే ముడతలు మాయమై సుద్దముద్దలా కనిపిస్తుంది. మొదట లేత మట్టిరంగు పూసి, ఆరాక ముడతల్లోకి పలచని గోధుమరంగు వాష్ దించండి. నీళ్ళలాంటి ఆ ముదురు రంగు లోతుల్లోకి తనంతట తానే జారి నీడవుతుంది. ఒకచోట మడుగుకట్టకుండా తడి కుంచెతో పీల్చేయాలి. ఆరిన తర్వాత లోతులను వదిలి మడతలపై దంతపు తెలుపు పూసి, చివరగా భుజంమీద, మోకాలిమీద మాత్రమే స్వచ్ఛమైన తెలుపు గీతలు పెట్టండి.

చర్మానికి ఫ్లెష్ పేరుతో వచ్చే గులాబీ ఛాయలు ఈ సేనకు పనికిరావు. ఎర్రమట్టి కలిసిన ముదురు గోధుమరంగుతో మొదలుపెట్టి, వాష్ తర్వాత ముక్కు, చెంపలు, ముంజేతులపై నడిమి గోధుమరంగు తాకించండి. కళ్ళు వేయకండి, ఈ పరిమాణంలో వేసిన కళ్ళు వెర్రిచూపులు చూస్తాయి.

ఏనుగులే ఈ సేనకు అందం. ఉత్త బూడిదరంగు వేస్తే బండరాయిలా ఉంటుంది, అందులో కొద్దిగా గోధుమరంగు కలపండి. నల్లని వాష్ ఆరాక, ముతక కుంచెకు లేత బూడిదరంగు అద్ది, దాదాపు అంతా గుడ్డకు తుడిచేసి, మిగిలిన రంగును బొమ్మపై తేలిగ్గా అటూ ఇటూ రాయండి. చర్మపు ముడతల అంచులు ఒక్కసారిగా తేలతాయి. ఆసియా ఏనుగులకు వయసుతో తొండం మీదా చెవుల అంచులమీదా వచ్చే గులాబీ మచ్చలను పలచగా చుక్కలుగా పెడితే అవి గుళ్ళో నిలబడే మన ఏనుగులే అనిపిస్తాయి. ఆ కాలపు ఏనుగులపై బురుజులాంటి అంబారీలు ఉన్నాయనడానికి గట్టి ఆధారం లేదు కాబట్టి, వీరులు వీపుమీదే కూర్చున్న బొమ్మలను ఎంచుకోండి.

బేసులు, బల్ల

రంగు పూర్తయిన బొమ్మలను 40 మి.మీ. వెడల్పు దళపు పలకలపై, అంటే బేసులపై అంటించి, ఖాళీల్లో ఫెవికాల్ రాసి సన్న ఇసుక చల్లండి. ఇసుకకు ఏ రంగు వేయాలన్నది యుద్ధం గురించి మీరు ఎవరిని నమ్ముతారన్నదాన్ని బట్టి ఉంటుంది. వానకు నేల బురదై రథాలు కూరుకుపోయాయని రోమన్ చరిత్రకారుడు కర్టియస్ రాశాడు. పోరస్ బురద లేని, ఇసుక కలిసిన గట్టినేల చూసుకుని సేనను నిలిపాడని అరియన్ రాశాడు. అరియన్ మాట పడితే లేత ఇసుకరంగు, అక్కడక్కడా ఎండుగడ్డి. నేను కర్టియస్ పక్షం, తెల్లబట్టల కింద తడిసిన ముదురు గోధుమరంగు నేల ఎక్కువ నప్పుతుంది. ఏ పక్షం పట్టినా అన్ని బేసులకూ ఒకే రంగు ఉండాలి. రంగు వేయడంలో చిన్నాచితకా తేడాలున్నా సేన ఒక్కటిగా కనిపించేది దానివల్లనే.

పైన మెరుపు లేని మ్యాట్ వార్నిష్ రెండు పూతలు వేస్తే చేతి చెమటకు రంగు ఊడదు. ప్రైమర్‌కు చెప్పిన తేమ జాగ్రత్త దీనికి రెండింతలు వర్తిస్తుంది, ఎందుకంటే ఇక్కడ మసకబారితే అప్పటిదాకా పడిన శ్రమంతా తెల్లపొర కింద పడుతుంది.

బల్లకు ప్లైవుడ్ పలకపై మట్టిరంగు బట్ట చాలు, గుట్టలకు థర్మకోల్, అడవి హద్దుకు ఆకుపచ్చ ఫెల్ట్ ముక్క సరిపోతాయి. ఆడేటప్పుడు దళాన్ని బేసు అంచులు పట్టుకుని కదపాలి, ఈటెలు పట్టుకుని కాదు. కదిపేముందు మీ ఉద్దేశం పైకి చెప్పండి: “ఈ అశ్వికులు మీ పక్కదళాన్ని తాకేలా వస్తున్నారు, దూరం సరిపోతుందంటారా?” అని ముందే అడిగితే తర్వాత ఒక మిల్లీమీటరు దగ్గర వాదన రాదు. వాలి నిలిచిన పాచికను మళ్ళీ వేయాలని మొదట్లోనే ఒప్పుకోండి.

ఆట ముగిశాక బొమ్మలను డబ్బాలో పడుకోబెట్టకండి. బేసుల కింద అయస్కాంతపు షీటు ముక్కలు అంటించి, అయస్కాంతం అంటుకునే స్టీలు డబ్బా అడుగున నిలబెడితే కారులో తీసుకువెళ్ళినా ఒరిగిపోవు. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఆ డబ్బాను వదిలిపెట్టకండి, వేడికి రెజిన్ ఈటెలు వంగిపోతాయి.